రెవిట్‌లో ఎలిమెంట్ ఎక్కడుందో చెప్పేది లొకేషనా, బౌండింగ్ బాక్సా?

గ్రిడ్‌లైన్:
రెవిట్ (భవనాల 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడల్‌లో ఉన్న ఎలిమెంట్లన్నిటి కోఆర్డినేట్లు పైథాన్‌తో లాగి షీట్‌లో పెట్టాలి. మా టీమ్‌లో సగం మంది ఏమంటారంటే, అన్నిటికీ బౌండింగ్ బాక్స్ (ఎలిమెంట్‌ని చుట్టేసే పెట్టె) తీసుకుని దాని ఎదురెదురు మూలలైన మిన్‌నీ మాక్స్‌నీ కూడి రెండుతో భాగిస్తే అయిపోతుంది, తలుపైనా గోడైనా స్లాబైనా ఏదో ఒక నంబర్ వస్తుంది, ఎర్రర్ రాదు అని. నాకిది అస్సలు నచ్చలేదు. తప్పు నంబర్ చల్లగా షీట్‌లోకి వెళ్లిపోవడం కంటే ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ ఆగిపోవడమే నయం.

ఒక వంపు గోడ తీసుకోండి. మందం 200 మి.మీ., మధ్య గీత వ్యాసార్థం 6 మీటర్లు, సరిగ్గా పావు వృత్తం, వృత్త కేంద్రం 0, 0 దగ్గర. బాక్స్ మధ్య బిందువు 3.05, 3.05 దగ్గర పడుతుంది, అంటే కేంద్రం నుంచి దాదాపు 4.3 మీటర్లు. గోడ ఉన్నదేమో 6 మీటర్ల దూరంలో! ఖాళీ నేలను చూపించి గోడ ఇదే అంటున్నామన్నమాట. లొకేషన్ అంటే ఎలిమెంట్‌ని పెట్టిన బిందువో, గీసిన గీతో; గోడకి అది లొకేషన్‌కర్వ్. అందులోని కర్వ్ తీసి ఎవాల్యుయేట్‌కి 0.5, ట్రూ ఇచ్చి, అంటే గీత సగంలో ఉన్న బిందువు అడిగి చూడండి, బిందువు గోడ మీదే ఉంటుంది.

స్లాబ్‌లెక్క:
వంపు గోడ సంగతి ఒప్పుకుంటానండి, కానీ లొకేషన్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి. స్లాబ్‌ని అడిగితే లొకేషన్ ఆబ్జెక్ట్ వస్తుంది గానీ అందులో పాయింటూ ఉండదు, కర్వూ ఉండదు, వెంటనే ఆట్రిబ్యూట్ ఎర్రర్. రూమ్‌కి పాయింట్ వస్తుంది, అయితే అది రూమ్‌ని పెట్టిన చోటు, గది మధ్య కాదు, మూలన క్లిక్ చేసి ఉంటే మూలనే చూపిస్తుంది. క్లాష్‌లు (ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన ఎలిమెంట్లు) వెతికేటప్పుడు బాక్స్ లేకపోతే పనే జరగదు, వేల ఎలిమెంట్లలోంచి దగ్గరున్నవాటిని బౌండింగ్‌బాక్స్‌ఇంటర్‌సెక్ట్స్‌ఫిల్టర్ ఎంత త్వరగా ఏరి పెడుతుందో వాడినవాళ్లకు తెలుసు.

గ్రిడ్‌లైన్:
ఏరడానికి నేనూ బాక్సే వాడతాను. నా అభ్యంతరం దాని మధ్య బిందువుని ఎలిమెంట్ ఉన్న చోటుగా రాయడం మీదే. స్లాబ్‌కి సాలిడ్ (ఘనాకారం) తీసి కంప్యూట్‌సెంట్రాయిడ్‌తో దాని కేంద్రం అడగొచ్చు, కానీ ఎల్ ఆకారం స్లాబైతే అది కూడా కాంక్రీటు లేని చోట పడొచ్చు. కాబట్టి షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టి ఆ నంబర్ పాయింట్ నుంచి వచ్చిందా, కర్వ్ నుంచా, సెంట్రాయిడ్ నుంచా అని రాయాల్సిందే. చదివేవాడికి ఆ మాత్రం చెప్పకపోతే ఎలా?

సర్వేగొలుసు:
మీరిద్దరూ ఎక్కడి నుంచి కొలుస్తున్నారో ఎవరూ చెప్పలేదు. ఏపీఐ (స్క్రిప్ట్ రెవిట్ నుంచి డేటా అడిగే దారి) ఇచ్చేది ఇంటర్నల్ ఆరిజిన్ (మోడల్ లోపలి సున్నా బిందువు) నుంచి, అదీ అడుగుల్లో. 304.8తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి, ఇది చాలామందికి గుర్తుంటుంది. ఆరిజిన్ గుర్తుండదు. గతంలో ఒక పనిలో నేనే స్లీవ్‌ల (పైపులు వెళ్లడానికి కాంక్రీటులో వదిలే దారుల) జాబితా ఇంటర్నల్ ఆరిజిన్ నుంచి తీసి పంపాను, సైట్‌లో వాళ్లు సర్వే పాయింట్ (నేల మీది సర్వే కొలతలకు ఆధారమైన బిందువు) నుంచి అనుకుని మార్కింగ్ మొదలుపెట్టారు, మొదటి స్లీవే ప్లాట్ బయట పడేసరికి ఫోన్ వచ్చింది, ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అంత దూరం తేడా ఉంది కాబట్టి దొరికింది, అర మీటరే అయ్యుంటే కాంక్రీటు పోసేవాళ్లు. లింక్ మోడల్ (వేరే ఫైల్ నుంచి తెచ్చి కలిపినది) అయితే ఇంకో మెట్టు, లింక్ ఇన్‌స్టెన్స్ నుంచి గెట్‌టోటల్‌ట్రాన్స్‌ఫామ్ తీసి ప్రతి బిందువునీ ఆఫ్‌పాయింట్‌లో వేసి మన మోడల్ కోఆర్డినేట్లలోకి మార్చాలి.

స్లాబ్‌లెక్క:
ఆరిజిన్ మాట నిజం. బాక్స్ వాడినా లొకేషన్ వాడినా ఆ తప్పు జరిగేదే.

గ్రిడ్‌లైన్:
అవునండి, నా స్క్రిప్ట్‌లో కూడా అది లేదు. పద్ధతి కాలమ్ పక్కన ఆరిజిన్ కాలమ్ కూడా పెడుతున్నాను. బాక్స్ మధ్య బిందువుని మాత్రం చివరి దారిగా కూడా ఉంచడం లేదు, ఏదీ దొరకని ఎలిమెంట్‌కి ఐడీ రాసి గడి ఖాళీగా వదిలేస్తాను.