హైస్కూలు సావనీరుకి సాయం కావాలి: గురజాడ, గిడుగు ఒకే బెంచీయేనా? మా బడి పుట్టిన ఏడాది ఎక్కడ దొరుకుతుంది?

చీపురుపల్లి_రోడ్డు:
అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. ఊరి పేరు ఇప్పుడే చెప్పను, మా వాట్సాప్ గ్రూపులో గొడవ ఇంకా చల్లారలేదు. సంక్రాంతికి మా జిల్లా పరిషత్ హైస్కూల్లో పాత విద్యార్థులమంతా కలుద్దామనుకున్నాం, దానికో సావనీరు వేద్దామని కుర్రాళ్లు ముచ్చటపడితే ఆ పని నా నెత్తిన పడింది, ఎందుకంటే పదో తరగతి తెలుగులో మా బ్యాచ్‌కి నాకే ఎక్కువ మార్కులట. ఒకడు మొదటి పేజీకి పోస్టరు చేసి పంపాడు. గురజాడ, గిడుగు, మల్లయోధుడు కోడి రామమూర్తి, ఘంటసాల, సుశీల, అందరినీ వరసగా నిలబెట్టి కింద ‘వీరంతా విజయనగరం మహారాజా హైస్కూలు విద్యార్థులే, గురజాడ గిడుగు ఒకే బెంచీ’ అని రాశాడు. ఇందులో ఎంత నిజం?

అసలు తలనొప్పి ఇంకోటి. మా బడి ఏ సంవత్సరం పెట్టారో ఒక్కరూ కచ్చితంగా చెప్పడం లేదు. శిలాఫలకం ఉంది గానీ అది తర్వాత కట్టిన గదులది. ఒక తాతగారు ‘నేను చదివేటప్పుడు అది బోర్డు స్కూలురా, తాటాకు పాక’ అంటారు, ఇంకొకాయన ‘కాదు, పంచాయతీ సమితి వచ్చాకే బడి వచ్చింది’ అంటారు. ఎక్కడ వెతకాలో కాస్త చెప్పండి, ప్రెస్సువాడికి ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతుంటే టెన్షన్‌గా ఉంది.

మూడులాంతర్లు:
ముందు ఆ పోస్టరు ఆపించండి తమ్ముడూ. మా విజయనగరం వాళ్లకి ఈ జబ్బు ఎప్పటినుంచో ఉంది, ఎవరు ఒక రాత్రి ఇక్కడ పడుకున్నా మా బళ్లోనే చదివారంటాం.

ఘంటసాల గారు, సుశీల గారు చదివింది సంగీత కళాశాలలో. అది 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ప్రొఫెసర్, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తిన్న ఊరు ఇదే. అది వేరే సంస్థ, వేరే కథ, హైస్కూలు లెక్కలో కలపకండి.

మహారాజా వారిది 1857లో మొదలైనప్పుడు బడే. తర్వాత హైస్కూలై, 1879లో కాలేజీ అయింది. అందుకే పాత పుస్తకాల్లో ఒకచోట స్కూలు అని, ఒకచోట కాలేజీ అని కనిపించి జనం తికమక పడతారు. గురజాడ వారి నాన్నగారు చీపురుపల్లిలో ఉద్యోగం చేసినప్పుడు ఆయన మొదటి చదువు మీ వైపే సాగింది, అది మీరు ధైర్యంగా వేసుకోవచ్చు! తండ్రి పోయాక విజయనగరం వచ్చారు. చంద్రశేఖర శాస్త్రి గారు, ఆ కాలేజీ ప్రిన్సిపాల్, ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి చదివించారు. 1882లో మెట్రిక్, 1884లో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది). అదే ఏడాది ఆ బళ్లోనే ఇరవై అయిదు రూపాయల జీతానికి మాస్టారుగా చేరారు. కన్యాశుల్కం నాటకం ఆడింది 1892లో, అంటే ముందు ఊరు ఆయన్ని పంతులుగానే చూసింది. నన్నడిగితే సావనీరుకి ఆ చంద్రశేఖర శాస్త్రి గారి సంగతి ఎక్కువ పనికొస్తుంది, ఆయన గురించి ఎవరూ పోస్టరు చెయ్యరు కదా.

రిటైర్డ్_సోషల్_మాస్టారు:
బాబూ, ఒకే బెంచీ అన్న మాట తీసెయ్యి. గిడుగు వారు 1863లో పుట్టారు, గురజాడ వారు 1862లో, ఏడాదే తేడా. కానీ గిడుగు వారు మెట్రిక్ పాసయింది 1879లో, గురజాడ వారు 1882లో. మూడేళ్ల తేడా కనిపిస్తుంటే ఒక బెంచీ మీద ఎలా కూర్చోబెడతాం? ‘ఒకే కాలంలో ఒకే బళ్లో చదివారు’ అని రాయి చాలు, దానికి ఢోకా లేదు.

ఇక మీ బడి సంగతి. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను, అందులో కొన్నేళ్లు హెచ్చెమ్‌గా కూడా చేశాను కాబట్టి చెబుతున్నా. హెచ్చెమ్ గదిలో ఇనుప బీరువా ఉంటుంది, అందులో అడుగు అరలో అట్టలు ఊడిన అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. ఒకటో నంబరు ఉన్నది కావాలని అడుగు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ముందు ఏ బళ్లో చదివాడు, ఏ తేదీన చేరాడు, టీసీ ఎప్పుడు తీసుకున్నాడు, అన్నీ గళ్లుగా ఉంటాయి. శిలాఫలకం మంత్రి వచ్చిన రోజు చెబుతుంది, రిజిస్టరు పిల్లలు వచ్చిన రోజు చెబుతుంది. ఒకటో నంబరు రిజిస్టరు మొదటి పేజీలో ఏడో ఎనిమిదో తరగతి పిల్లలు కనిపిస్తే, అది అంతకుముందు ఎలిమెంటరీగానో మిడిల్ స్కూలుగానో ఉండి పై తరగతులు తర్వాత వచ్చి ఉంటాయి, అది వేరే తేదీ. తనిఖీ అధికారులు రాసిన విజిట్ బుక్కు దొరికితే నీ అదృష్టం. ‘నీళ్ల కుండ లేదు, బ్లాక్ బోర్డుకి నలుపు వెయ్యాలి’ లాంటి మాటలు ఉంటాయి అందులో, అవి యథాతథంగా వేసుకో.

మీ తాతగారు ‘బోర్డు స్కూలు’ అన్నారు చూశావా, ఆ ఒక్క మాట పట్టుకో. జిల్లా పరిషత్తులు, సమితులు వచ్చింది 1959 చివర్లో. అంతకుముందు హైస్కూళ్లు డిస్ట్రిక్ట్ బోర్డువి. ఆయన నోట బోర్డు మాట వచ్చిందంటే 1959కి ముందే ఏదో ఒక రూపంలో బడి ఉండాలి. రెండో ఆయన కూడా అబద్ధం చెప్పడం లేదేమో, పాక బోర్డుది, పక్కా కట్టడం సమితి కాలంలోది కావచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు మీ చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లా, 1950కి ముందైతే విశాఖ జిల్లా. పాత మంజూరు కాగితం కావాలంటే విజయనగరం ఆఫీసులో గుమాస్తాని తిట్టి లాభం లేదు, శ్రీకాకుళం వెళ్లి అడగాలి.

ఒక హెచ్చరిక: రిజిస్టర్లో కులాలు, పుట్టిన తేదీలు ఉంటాయి. ఫోటోలు తీసి గ్రూపులో పడెయ్యకండి. నేను చేసిన ఒక బళ్లో ఇలాగే చేశారు, ఒకావిడ అసలు వయసు బయటపడి ఆవిడ మనవడి పెళ్లిలో కూడా అదే చర్చ.

వంశధార_గట్టు:
ఏటి బావూ, అందరూ విజయనగరం విజయనగరం అంటన్నారు, సరుకు మాది కాదా? గిడుగు వారు పుట్టింది మా ముఖలింగం దగ్గర పర్వతాలపేట. తండ్రి పోయాక విజయనగరంలో చదువుకున్నారు, అది మీ పుణ్యం, ఒప్పుకుంటాం. మెట్రిక్ అయ్యాక పర్లాకిమిడి రాజా వారి బళ్లో మాస్టారుగా చేరి, అక్కడ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల కోసం బళ్లు పెట్టి, వ్యాకరణం, నిఘంటువు రాశారు. హైస్కూలు మాస్టారు చేసిన పని ఇది! సావనీరులో ‘వాడుక భాష పితామహుడు’ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి.

కోడి రామమూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టారు. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గానీ శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే. మద్రాసు సైదాపేటలో శిక్షణ అయ్యి వచ్చి విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేశారు, సర్కస్ కంపెనీ ఆ తర్వాత. మా పీఈటీ మాస్టారు క్లాసుకి రాని గుంటల్ని ఆయన పేరు చెప్పే భయపెట్టేవాడు.

చీపురుపల్లి_రోడ్డు:
మాస్టారూ, మీకు దండం పెట్టాలి. సంప్రదాయాలు అని ఒక పేజీ వదిలాను, మా బళ్లో ప్రత్యేకంగా ఏమీ లేవు, ప్రేయరు, ప్రతిజ్ఞ, శుక్రవారం సరస్వతీ పూజ, అంతే. గంట మాత్రం వేలాడదీసిన రైలు పట్టా ముక్క, మా అటెండరు బాబాయి ఇనుప కమ్మీతో కొడితే పొలాల్లో ఉన్నవాళ్లు భోజనానికి లేచేవాళ్లు. ఇవి ఏం రాస్తాం?

మూడులాంతర్లు:
ఆ గంటే రాయండి! ప్రతిజ్ఞని కూడా తేలిగ్గా తీసుకోకండి. ‘భారతదేశం నా మాతృభూమి’ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు నల్గొండ వైపు వారు, 1962లో విశాఖలో ట్రెజరీ ఆఫీసరుగా ఉండగా తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే ఆయన అప్పటి విద్యామంత్రికి పంపారు. ఆ మంత్రి ఎవరనుకున్నారు, మా విజయనగరం రాజకుటుంబం పి.వి.జి. రాజు గారే. 1963లో విశాఖలో ఒక బళ్లో మొదట చదివించారు, తర్వాత దేశమంతా పాకింది. మీ పిల్లలు పొద్దున్నే చెయ్యి చాపి నిద్రమత్తులో గొణిగేది మన పక్క ఊళ్లో రాసింది.

చీపురుపల్లి_రోడ్డు:
నిన్న బడికి వెళ్లొచ్చాను. హెచ్చెమ్ మేడమ్ మంచావిడ, బీరువా తెరిపించారు. ఒకటో నంబరు రిజిస్టరు సగం చెదలు తినేసింది గానీ మొదటి పేజీలు బతికాయి. 1957 జూలై, ఆరో తరగతి, వరసగా అబ్బాయిలే. బోర్డు అన్న తాతగారు గెలిచారు, పొద్దున్నుంచి ఊళ్లో కాలరెగరేసుకుని తిరుగుతున్నారు. నలభై మూడో నంబరు దగ్గర మొదటి ఆడపిల్ల పేరు వచ్చింది, టీసీ గడిలో ఏమీ లేదు, అంటే చెప్పకుండా మానేసింది. ఎవరా అని అమ్మని అడిగితే మా వీధిలోని ఒక పెద్దమ్మే, ఇప్పుడు బొబ్బిలిలో కూతురి దగ్గర ఉందట. ఆదివారం వెళ్తున్నాను. పోస్టరు చేసినవాడు కూడా వస్తానన్నాడు, బండి వాడిదే.