సిక్స్త్ గ్రేడ్ బ్యాండ్‌కి ఏ ఇన్‌స్ట్రుమెంట్ బెటర్?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటామండీ, మా పాప ఆగస్టులో బ్యాండ్‌లో చేరుతుంది, ఫ్లూటా క్లారినెట్టా ట్రంపెట్టా తేలట్లేదు, పైగా పళ్ళకి బ్రేసెస్ వేయించాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: బ్రేసెస్‌తో ట్రంపెట్ కొంచెం కష్టమేనండీ, మౌత్‌పీస్ పెదవుల మీద నొక్కుకుని లోపల వైర్లు గుచ్చుకుంటాయి, అలవాటయ్యేదాకా వైర్ల మీద మైనం పెట్టుకోవాలి. క్లారినెట్‌కి ఆ బాధ తక్కువ, కానీ రంధ్రాలు వేళ్ళతో పూర్తిగా మూయాలి, చిన్న సందున్నా కీచుమంటుంది, సన్న వేళ్ళైతే ముందు ఒకసారి పట్టించి చూడండి.

జవాబు: మావాడు ఫ్లూట్. మొదట్లో హెడ్‌జాయింట్ (ఫ్లూట్‌లో నోటితో ఊదే పై ముక్క) ఒక్కటే ఊదిస్తారు, కళ్ళు తిరుగుతున్నాయనేవాడు, మధ్యమధ్యలో ఆగమంటే సర్దుకుంది.

జవాబు: ముందు పాపకి ఏ సౌండ్ నచ్చిందో అడగండి, ప్లీజ్. అప్పుడే కొనేయకండి, నెలవారీ రెంట్‌కి తీసుకోండి. ట్యూబా లాంటి పెద్దవైతే చాలా స్కూళ్ళు వాళ్ళే ఇస్తారు.