థైరాయిడ్ బిళ్ల రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదు, ఇప్పుడు షుగరు కూడా హద్దు మీద ఉందంటున్నారు: ఇవన్నీ ఒకే జబ్బా?

ప్రశ్న: కావలి నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మాది కావలి. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు అయిన ఏడాదికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. అప్పటి నుంచి నాలుగేళ్లుగా 75 మైక్రోగ్రాముల బిళ్లను ఒక్క రోజు కూడా మానకుండా వేసుకుంటున్నాను. అయినా పొద్దున లేచేసరికే ఒళ్లంతా బరువుగా ఉంటుంది, దువ్వెన నిండా జుట్టు వస్తుంది, మోకాళ్లు, వేళ్లు నొప్పులు పెడతాయి. మొన్న చేయించిన పరీక్షలో, థైరాయిడ్ తగ్గినకొద్దీ పెరిగే టీఎస్‌హెచ్ 9.2 వచ్చింది. థైరాయిడ్ గ్రంథి మీద ఒళ్లే తయారుచేసే యాంటీ టీపీఓ యాంటీబాడీలు 600 దాటాయి. మూడు నెలల సగటు షుగరు 6.1 ఉంది. పరగడుపున చూసిన షుగరు మాత్రం 94, తిన్న రెండు గంటలకు చూసినది 121.

మా ఆయన మేనత్తకు షుగరు, ఆమె కూతురికి కీళ్లవాతం. ఆ అమ్మాయి నా కాగితాలు చూసి, "అక్కా, ఇవన్నీ ఒంటి రక్షణ సొంత ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులే, ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ముందు ఆ యాంటీబాడీలను దించుకో" అని చెప్పి గోధుమలు, పాలు, క్యాబేజీ, అయోడిన్ ఉప్పు మానేయమంది. షుగరు హద్దు మీద ఉందని మా అత్తగారు రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీ పెడుతున్నారు, థైరాయిడ్ కోసమని ఈ అమ్మాయి చపాతీ వద్దంటోంది. రెండు మాటలూ వింటే రాత్రికి పస్తే గతి.

మా డాక్టరుగారు మోతాదును 100కు పెంచుదామని అన్నారు. నేను అడగదలచుకున్నది ఏమిటంటే, ఈ థైరాయిడ్, షుగరు, కీళ్లనొప్పులు మూడూ నిజంగా ఒకే జబ్బా? యాంటీబాడీల అంకెను తగ్గించుకోవడానికి దారి ఉందా? నాకు షుగరు వచ్చినట్టేనా?

జవాబు 1: ఒంగోలు నుంచి, ల్యాబ్‌లో పనిచేసేవాడిని

అమ్మా, నేను డాక్టరును కాను. పద్దెనిమిదేళ్లుగా రక్తం తీసి, యంత్రంలో పెట్టి, కాగితం మీద అంకెలు ఇచ్చే పనిలో ఉన్నాను. ఆ అంకెలను చూసి జనం దేనికి భయపడతారో, దేన్ని పట్టించుకోకుండా వదిలేస్తారో రోజూ చూస్తుంటాను. మీరు 600 అంకెకు భయపడుతున్నారు. నాకు మాత్రం 94కూ 6.1కీ పొత్తు కుదరకపోవడమే వింతగా ఉంది. పరగడుపు షుగరు 100 లోపు, తిన్నాక చూసినది 140 లోపు ఉన్న మనిషికి సగటు 5.7 దాటి ముందస్తు షుగరు వరుసలోకి రావడం అసాధ్యం కాదు గానీ, అలా వచ్చినప్పుడు ఆ సగటు నిజమే చెబుతోందా అని ఒకసారి అనుమానించడం మంచిది.

అందుకని నాలుగు సంగతులు అడుగుతున్నాను. థైరాయిడ్ బిళ్ల ఎన్ని గంటలకు, దేనితో వేసుకుంటారు? దానితోపాటు ఇంకేమైనా మందులు మింగుతారా? నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది, రక్తస్రావం ఎక్కువా? హిమోగ్లోబిన్ ఎంత?

కావలి గృహిణి

అన్నగారూ, ఐదున్నరకు లేస్తాను. పాలు కాగుతుండగా కాఫీ కలుపుకుని, మొదటి గుక్కతోనే బిళ్ల మింగేస్తాను. కాన్పు అప్పుడు రాసిన కాల్షియం బిళ్లను కూడా మరిచిపోకుండా ఉండాలని అప్పుడే వేసుకుంటున్నాను. రెండు సీసాలూ పొయ్యి పైన అరలో, ఉప్పు జాడీ పక్కనే ఉంటాయి. నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది, మొదటి మూడు రోజులు బాగా ఎక్కువ. కాన్పుల తరువాత అందరికీ అంతేనని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. హిమోగ్లోబిన్ 9.6 అని ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

జవాబు 2: ఒంగోలు ల్యాబ్ ఉద్యోగి

అయితే అమ్మా, మీరు నాలుగేళ్లు బిళ్ల మానకుండా వేసుకున్నారన్నది నిజమే, ఆ మందు మానకుండా మీ రక్తంలోకి చేరిందన్నది మాత్రం నిజం కాకపోవచ్చు. థైరాయిడ్ బిళ్లలోని లెవోథైరాక్సిన్ చాలా పెంకి మందు. కడుపు ఖాళీగా ఉండి, వట్టి మంచినీళ్లతో మింగితేనే సరిగా లోపలికి పోతుంది. కాఫీ దాన్ని అడ్డుకుంటుంది. కాల్షియమైతే పేగులోనే దానికి అతుక్కుని చాలా భాగాన్ని రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ బిళ్లలూ అంతే. మింగిన తరువాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. కాల్షియంకు, ఐరన్‌కు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇంకో మాట, ఈ మందుకు వేడి, వెలుతురు, చెమ్మ మూడూ పడవు. మన రోహిణీ కార్తె ఎండల్లో పొయ్యి పైన అరలో ఉన్న సీసా ఏ స్థితిలో ఉంటుందో మీరే ఆలోచించండి. దాన్ని పడకగదిలో చల్లని చోటికి మార్చండి.

ఇప్పుడు ఆ 6.1 సంగతి. సగటు షుగరు అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష నిజానికి చక్కెరను నేరుగా కొలవదు, ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తుంది. ఆ కణం బతికేది సుమారు 120 రోజులు కాబట్టి దాన్ని మూడు నెలల లెక్క అంటారు. మీ హిమోగ్లోబిన్ 9.6 అంటే రక్తం తక్కువే, దానికి ఐరన్ లోపం కారణం కావచ్చు. ఒంట్లో ఐరన్ తక్కువైతే కొత్త కణాలు తక్కువ పుడతాయి, పాత కణాల వాటా పెరుగుతుంది, పాతవాటికి చక్కెర ఎక్కువ కాలం అంటుకుని ఉంటుంది కాబట్టి అసలు షుగరు పెరగకపోయినా అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు కూడా కణాలు పుట్టే వేగం మందగిస్తుంది. థైరాయిడ్ తక్కువైన ఆడవారిలో నెలసరి రక్తస్రావం పెరగడం మామూలే. రక్తం పోతే ఐరన్ పోతుంది. కాబట్టి మీ కాగితం మీద మూడు జబ్బుల్లా కనిపిస్తున్నది, కాఫీ గ్లాసు దగ్గర మొదలైన ఒకే గొలుసు కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, ఈ వివరాలన్నీ మీ డాక్టరుగారికి చెప్పిన తరువాతే మోతాదు సంగతి తేల్చుకోండి. మందు చేరకుండా ఉండగా మోతాదు పెంచి, ఆ తరువాత అలవాటు సరిచేసుకుంటే అప్పుడు ఎక్కువైపోయి గుండెదడ పట్టుకుంటుంది.

జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపండి. అది కొన్ని యంత్రాల్లో థైరాయిడ్ అంకెలను తారుమారు చేస్తుంది.

జవాబు 3: అల్లూరు నుంచి

మాది అల్లూరు మండలం. మా పక్కనే ఇస్కపల్లి ఉప్పు కయ్యలు. మా తాతల కాలంలో కయ్యలో నుంచి తెచ్చిన కల్లుప్పే చేపల పులుసులోకీ, ఊరగాయలోకీ వాడేవారు. అప్పుడు ఎవరికి ఈ థైరాయిడ్ జబ్బులు? ప్యాకెట్ ఉప్పులో అయోడిన్ కలిపిన దగ్గర నుంచే ఇదంతా మొదలైందని నా గట్టి నమ్మకం. ఆ అమ్మాయి చెప్పినట్టు ఉప్పు మారిస్తే పోయేదేముంది, ఒక ఆరు నెలలు చూడమనండి.

జవాబు 4: కనిగిరి నుంచి, విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

అల్లూరు సోదరునికి: ఉప్పు కయ్యల మీద మీ అభిమానం నాకు అర్థమవుతుంది, ఆ ఉప్పుతో పెట్టిన మామిడికాయ నేనూ తిన్నవాడినే. కానీ తాతల కాలంలో థైరాయిడ్ జబ్బు లేదనడం కంటే పరీక్ష లేదనడం సబబు. అయోడిన్ చాలక గొంతు వాచే జబ్బు దేశంలో ఎంతగా ఉండేదంటే, 1962లోనే ప్రభుత్వం దాని కోసం ప్రత్యేకంగా జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణులకు 250. ఇంట్లో వంటకు వాడే ఉప్పు నుంచి వచ్చేది ఆ అవసరానికి సరిపోయేంతే. అయోడిన్ మితిమీరితే యాంటీబాడీలు ఉన్నవారిలో గ్రంథి ఇంకా దెబ్బతినే మాట వాస్తవమే, అయితే అది సముద్రపు నాచు బిళ్లల వంటివి మింగేవారి సంగతి, కూరలో వేసుకునే చిటికెడు ఉప్పు సంగతి కాదు. ప్రశ్న అడిగిన ఈ తల్లి ఇంట్లో ఎదిగే పిల్లలు కూడా ఉన్నారని మరువవద్దు.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు వస్తాను. మా అబ్బాయికి తొమ్మిదో ఏట టైప్ 1 షుగరు వచ్చింది, పదిహేడో ఏట థైరాయిడ్ తగ్గింది. కాబట్టి మీ బంధువు చెప్పినదాంట్లో సగం నిజం మా ఇంట్లోనే ఉంది. ఒంటికి కాపలా కాయవలసిన రక్షణ కణాలు సొంత అవయవాన్నే పరాయిదిగా తలచి దాడి చేయడాన్ని ఆటోఇమ్యూన్ అంటారు. ఆ దాడి థైరాయిడ్ మీద జరిగితే హషిమోటో జబ్బు. జపాన్‌కు చెందిన హకరు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల గ్రంథులను పరిశీలించి దీన్ని వర్ణించాడు, ఈ రోగుల రక్తంలో థైరాయిడ్ మీద యాంటీబాడీలు ఉంటాయని 1956లో గానీ తెలియలేదు. అదే దాడి క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాల మీద జరిగితే టైప్ 1 షుగరు. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం ఎక్కువే, అందుకే మా వాడికి షుగరు బయటపడిన నాటి నుంచి డాక్టర్లు ఏటా థైరాయిడ్ చూస్తూ వచ్చారు, రాగానే పట్టుకున్నారు.

అయితే మీ ఆయన మేనత్తగారి వంటి పెద్దవారికి వచ్చేది చాలావరకు టైప్ 2. అది ఆటోఇమ్యూన్ జబ్బు కాదు. బరువు, వంశం, ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినకపోవడం దానికి కారణాలు. రెండింటినీ షుగరు అనే ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన తికమక ఇది. మా వాడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, "మిఠాయిలు తినిపించి తెచ్చిపెట్టారు" అని వాడి తల్లిని ఎంతమంది ఎత్తిపొడిచారో నాకు గుర్తుంది. నెల రోజుల్లో చొక్కా వదులై, రాత్రికి నాలుగుసార్లు నీళ్లకు లేచి, చివరకు వాంతులతో ఆయాసపడిన పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని ఆమె ఆ మాటలు పడింది. పెద్దవారిలో కూడా నెమ్మదిగా వచ్చే ఆటోఇమ్యూన్ షుగరు ఒకటి ఉంది. సన్నగా ఉండి, బరువు తగ్గుతూ, బిళ్లలకు లొంగని షుగరు ఉన్నవారికి జీఏడీ యాంటీబాడీల పరీక్ష చేసి దాన్ని గుర్తిస్తారు. పరగడుపున 94 ఉన్న మీకు ఇప్పుడు ఆ పరీక్ష అవసరం లేదనే నా అభిప్రాయం.

యాంటీబాడీల అంకె సంగతి. అది జబ్బుకు కారణం చెప్పే గుర్తు, ఒకసారి ఉందని తేలితే చాలు. 600 ఉన్నవారి పరిస్థితి 300 ఉన్నవారికి రెట్టింపు చెడ్డదేమీ కాదు. మందు మోతాదు నిర్ణయించేది టీఎస్‌హెచ్, ఈ అంకె కాదు. మూడు నెలలకోసారి దాని కోసం డబ్బు పోయవద్దు. క్యాబేజీ వండుకుని తినండి, ఏమీ కాదు. గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా ఆటోఇమ్యూన్ వర్గంలోదే కాబట్టి, ఐరన్ ఎంత వాడినా ఎక్కకపోతే డాక్టరుగారు దాని రక్తపరీక్ష రాయవచ్చు, కానీ పరీక్షకు ముందే గోధుమలు మానేస్తే ఫలితం తప్పుగా వస్తుంది. కీళ్లనొప్పుల విషయంలో ఒక్కటి గమనించండి. పొద్దున వేళ్లు బిగుసుకుపోయి గంటకు గానీ సడలకపోతే, కణుపులు వాచితే, ఆలస్యం చేయకుండా చూపించుకోండి. అలాంటిదేమీ లేకుండా వట్టి నొప్పులే అయితే థైరాయిడ్ తక్కువైనా వస్తాయి.

కావలి గృహిణి, పది వారాల తరువాత

మాస్టారుగారికీ, ఒంగోలు అన్నగారికీ నమస్కారాలు. కాఫీ, కాల్షియం విషయం డాక్టరుగారికి చెబితే ఆయన కలం పక్కన పెట్టి, "ఈ మాట నాలుగేళ్ల నుంచి ఎందుకు చెప్పలేదమ్మా" అన్నారు. ఎవరూ అడగలేదని నేను అనలేకపోయాను. మోతాదు పెంచలేదు, 75 మీదే ఉంచారు. ఫెరిటిన్ 7 వచ్చింది, అంటే ఐరన్ నిల్వ బాగా తక్కువ. నెలసరి కోసం స్కానింగ్ చేయించారు, గడ్డలేమీ లేవు.

ఇప్పుడు బిళ్ల మంచం పక్కన ఉంటుంది. ఐదున్నరకు మంచినీళ్లతో మింగి, పిల్లల డబ్బాలు సర్దేసి, ఆరున్నరకు కాఫీ తాగుతున్నాను. మొదటి వారం ఆ గంటసేపు తల పగిలిపోయింది. ఐరన్ పదకొండింటికి నిమ్మరసంతో, కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. రాత్రి అన్నం అనే రాశాను, చపాతీ పోరు ముగిసింది, అన్నం కాస్త తగ్గించి కూర పెంచాను.

నిన్నటి పరీక్షలో టీఎస్‌హెచ్ 3.4, హిమోగ్లోబిన్ 11.3. మెట్లు ఎక్కితే ఆయాసం రావడం లేదు, వేళ్ల నొప్పులు చాలావరకు పోయాయి, జుట్టు మాత్రం ఇంకా ఊడుతూనే ఉంది. సగటు షుగరు ఇప్పుడే చూడవద్దన్నారు. ఐరన్ మొదలుపెట్టాక కొత్త కణాలు ఒక్కసారిగా పుట్టి అంకె ఉన్నదానికంటే తక్కువ చూపవచ్చట, అందుకని ఇంకో మూడు నెలలు ఆగి, దానితోపాటు పరగడుపున గ్లూకోజు తాగి చేసే పరీక్ష కూడా చేయించమన్నారు. అప్పటికి కూడా 6 దాటి ఉంటే అది నిజం షుగరు హద్దేనని ఒప్పుకుంటాను. ఉప్పు జాడీలో ఉప్పు మార్చలేదు.