రక్షణ రహస్యాలు పరాయి దేశానికి చేరవేస్తే శిక్ష ఎంత?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)
మా అన్నగారి అబ్బాయి ఈమధ్యే నౌకాదళంలో నావికుడిగా చేరాడు. 2019 డిసెంబరులో ఏడుగురు నావికులు గూఢచర్యం కేసులో అరెస్టయిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాం. పెద్దవాడిగా వాడికి నాలుగు మాటలు చెప్పాలని ఉంది గాని, చట్టం తెలియకుండా చెప్పడం ఇష్టం లేదు. ఓడల రాకపోకల వివరాలు పరాయివాళ్ళకు అందితే శిక్ష ఎంత? తెలియక చెప్పినా నేరమేనా?

జవాబు (న్యాయవాది)
దీనికి మూలం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. దేశ భద్రతకు భంగం కలిగించే ఉద్దేశంతో శత్రువుకు పనికొచ్చే సమాచారాన్ని సేకరించినా, ఎవరికైనా అందించినా, అది త్రివిధ దళాల వ్యవహారాలకో, ఓడకో, ఆయుధాగారానికో, రహస్య సంకేతాలకో చెందినదైతే 3వ సెక్షను కింద 14 ఏళ్ళ వరకు, మిగిలిన సందర్భాల్లో 3 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇస్లామాబాద్‌లోని మన హైకమిషన్‌లో పనిచేస్తూ 2010లో అరెస్టయిన ఒక అధికారిణికి 2018లో ఢిల్లీ కోర్టు విధించినది ఆ మూడేళ్ళే.

తెలియక చెప్పడం గురించి అడిగారు. ఉద్దేశాన్ని నిరూపించడానికి ఫలానా పని చేశాడని చూపనక్కర లేదు, పరిస్థితులను, నిందితుడి నడవడిని బట్టి కోర్టు నిర్ణయించవచ్చునని ఆ సెక్షనే చెబుతోంది. విదేశీ గూఢచారి పేరో చిరునామానో మన దగ్గర దొరికితే, కాదని మనం రుజువు చేసేవరకు సంబంధం ఉన్నట్లే భావిస్తారు. ఇక దురుద్దేశం లేకపోయినా, తన దగ్గరున్న రహస్యాన్ని తగినంత జాగ్రత్తగా కాపాడకపోవడమే 5వ సెక్షను కింద నేరం. ఈ చట్టంలో మరణశిక్ష లేదు. సైనిక చట్టం 34వ సెక్షనులో మాత్రం ఉంది.

జవాబు (విశ్రాంత నౌకాదళ ఉద్యోగి)
బాబాయిగారూ, అబ్బాయికి సెక్షన్లకంటే ముందు ఒక మాట చెప్పండి. ఆ కేసులోని ఆరోపణ ప్రకారం అంతా ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల పేరుతో వచ్చిన పరిచయాలతోనే మొదలయింది. డబ్బు హవాలా దారిలో వచ్చిందన్నారు. ఆ నెలాఖరుకే ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నౌకాదళం నిషేధించింది. ముఖం ఎరగని మనిషి ఓడ ఎప్పుడు బయలుదేరుతుందని అడిగిన రోజే పై అధికారికి చెప్పేస్తే అబ్బాయి బయటపడతాడు. ఒక్కసారి బదులిచ్చాక, దాన్ని చూపించి బెదిరించి మరికొంత రాబడతారు.

జవాబు (మరొక సభ్యుడు)
శిక్ష కఠినంగా ఉండవలసిందే. అయితే 1994లో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను ఇదే నేరం మోపి అరెస్టు చేస్తే, 1996లో సీబీఐ ఆ కేసు అబద్ధమని తేల్చింది. 50 లక్షల పరిహారానికి సుప్రీంకోర్టు ఆదేశం రావడానికి 2018 వరకు పట్టింది. ఆయన జీవితంలో పోయిన ఆ కాలానికి ఏ పరిహారం సరిపోతుంది? రుజువు భారాన్ని ఇంత తేలిక చేసిన చట్టాన్ని ప్రయోగించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరమని నా దృఢమైన అభిప్రాయం.

జవాబు (న్యాయవాది)
మీ ఆవేదన న్యాయమైనదే. ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన అధికారి గాని ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ కేసును స్వీకరించదు. విచారణ తలుపులు మూసి జరపవచ్చు గాని, శిక్షను మాత్రం బహిరంగంగానే ప్రకటించాలి.