అమ్మగారికి మైట్రల్ వాల్వు మార్పిడి తరువాత జాగ్రత్తలు

ప్రశ్న: చిన్ననాటి రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం (వాల్వు) దెబ్బతిన్న మా అమ్మగారికి గత నెలలో మెకానికల్ (కృత్రిమ) వాల్వు అమర్చి, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మందు జీవితాంతం వాడాలన్నారు. ఆకుకూరలు పూర్తిగా మానాలా? ఏ లక్షణాలు ప్రమాదకరం?

మొదటి జవాబు: మానవలసిన అవసరం లేదండి. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది కనుక, పది రోజులు ముట్టకుండా ఉండి ఒక్కసారిగా ఎక్కువగా తినడం కన్నా, ప్రతివారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడం మేలు. మైట్రల్ స్థానంలోని మెకానికల్ వాల్వుకు, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని సూచించే పరీక్ష విలువ అయిన ఐఎన్ఆర్‌ను సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు; అది తగ్గితే వాల్వుపై రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, పెరిగితే రక్తస్రావం కావచ్చు. మాట తడబడినా, మూతి వంకరపోయినా, మలం నల్లగా వచ్చినా, ఆయాసం హఠాత్తుగా పెరిగినా క్షణం ఆలస్యం చేయకండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని వేయవద్దు.

రెండవ జవాబు: జ్వరాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. వాల్వుకు ఇన్ఫెక్షన్ సోకిందేమో తేలాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మక్రిములు ఉన్నాయేమో చూసే పరీక్ష) చేయించాలి. పన్ను తీయించే ముందు కూడా గుండె వైద్యులను సంప్రదించండి.

మూడవ జవాబు: ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కునే వరకు, అంటే దాదాపు మూడు నెలలు, బిందెలు ఎత్తనివ్వకండి. నీరసం, దిగులు చాలామందిలో కనిపిస్తాయి. రోజూ కాస్త నడిపించండి.