తొమ్మిది మంది వాటాదార్లు, ఒక పాత మిద్దె: అమ్మాల్నా, హోమ్‌స్టే పెట్టాల్నా?

బురుజు నీడ (కర్నూలు)
మా జేజినాయన కట్టించిన మిద్దె పాతూర్లో ఉంది, రాతి గోడలు, టేకు దూలాలు, గానుగ సున్నం గచ్చు. పైకెక్కితే కొండారెడ్డి బురుజు ఎదురుగానే కనపడతాది. ఇప్పుడు వాటాదార్లు తొమ్మిది మంది. పెద్దన్న బిల్డర్ని పిల్చుకొచ్చి కాంప్లెక్స్ కడదామంటాడు, బెంగళూర్లో ఉండే చెల్లెలు హోమ్‌స్టే అంటాది, కరెంటు బిల్లు మాత్రం నేను కడతా ఉన్నా. పోయిన వానలకి ఒక దూలం కుంగింది, మేస్త్రి మూడున్నర లక్షలన్నాడు, ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఇద్దరు దండం బొమ్మ పంపించినారు, అంతే. ఇట్లాంటిది నడిపినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

తుంగభద్ర గట్టు
రాజస్థాన్లో నీమ్రానా కోట చూడన్నా, పాడుబడిన దాన్ని బాగుచేసి 1991లో హోటల్ తెరిచినారు, ఇప్పటికీ నడస్తానే ఉంది. మనదీ హైదరాబాద్ బెంగళూరు హైవే మీదుండే ఊరే కదా.

చింతచెట్టు కింద (హిందూపురం)
హైవే ఉంటే సరిపోదు బ్రో, కర్నూల్లో టీ తాగి పోయేటోళ్ళే కానీ రాత్రి నిలబడేటోళ్ళెంతమంది? మాది లేపాక్షి దావలో ఉండే పాతిల్లు, రెండు గదులు బాడుగకిస్తాం. శని ఆదివారాలు బెంగళూరోళ్ళు వస్తారు, తక్కిన ఐదు రోజులు మేమూ పిల్లులూ. వచ్చిన దుడ్లు పనామె జీతానికి, నీళ్ళకి, ఏడాదికోసారి సున్నానికి సరిపోతాయి. మొదట పెట్టిన రిపేరు ఖర్చు మాత్రం బాడుగల్లోంచి వెనక్కి రాలేదు, వస్తాదని ఆశ కూడా వదిలేసినాం. ఇంగ్లండ్లో ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అని 1965 నుంచి ఉంది, పాత కట్టడాల్ని సెలవులకి బాడుగకిచ్చేది అదే పని. వాళ్ళు కూడా బాగుచేసే ఖర్చు చందాల్లోంచి, గ్రాంట్లలోంచి తెచ్చుకుంటారు, రోజువారీ పోషణే బాడుగ మీద. రెండు జేబులూ కలపొద్దు, ముందు దూలం దుడ్లు యాడివో తేల్చుకో.

ఇంకోటి, సిమెంటు జోలికి పోవద్దు. మేం ఒక గోడకి పూయించినాం, లోపలి చెమ్మ బయటికి రాలేక రెండేళ్ళకే పెచ్చులూడింది. అంతా చెక్కించి మళ్ళీ సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి పూయించినాం. ఆ పని తెలిసిన ముసలాయన్ని ఎతకడానికే నాలుగు నెల్లు పట్టింది.

బురుజు నీడ
ఏదన్నా కంపెనీ దత్తత తీసుకోదా? గండికోట తీసుకున్నారు కదా.

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు)
అది వేరే కత సామీ. 2018లో దాల్మియా భారత్ వాళ్ళు ఎర్రకోటకీ మా గండికోటకీ కలిపి ఐదేళ్ళకి 25 కోట్లని ఒప్పందం చేసుకున్నారు, అప్పుడు కోటలు అమ్మేస్తా ఉన్నారని దేశమంతా ఒకటే గోల. ఒప్పందంలో ఉండేది టాయిలెట్లు, తాగేనీళ్ళు, లైట్లు, బోర్డులు ఇట్లాంటివి, కట్టడం ఎప్పుడూ పురావస్తు శాఖదే. కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు (సీఎస్ఆర్) లెక్కలో చారిత్రక కట్టడాలు బాగుచేయడం కూడా వస్తాది, కాకపోతే పదిమందికీ పనికొచ్చే చోటికే గానీ మీ తొమ్మిదిమంది వాటాల ఇంటికి ఎవరిస్తారు?

కడపలో బ్రౌన్ లైబ్రరీ చూడు. బ్రౌన్ దొర బంగ్లా ఉన్న జాగాలోనే కట్టినారు, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలకి తిరిగి తిరిగి నిలబెట్టినారు, తర్వాత అది యోగి వేమన యూనివర్సిటీ కిందికి పోయింది. కట్టేదానికి చందా ఇస్తారు, నెలనెలా జీతాలకి ఎవరిస్తారు చెప్పు, అందుకే ఒక పెద్ద సంస్థ చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది.

గుత్తి బండ
ట్రస్టు అని మాత్రం తొందరపడొద్దు. మా చుట్టాలు పాత సత్రాన్ని ట్రస్టు చేసినారు, సెక్రటరీ ఎవరనేదాని మీద అన్నదమ్ములకి మాటల్లేవు, సంతకం ఇద్దరిదీ కావాల కాబట్టి బ్యాంకులో దుడ్లట్లే ఉన్నాయి, సత్రం కప్పు కారతానే ఉంది. పైగా ఒకసారి రాసిచ్చినాక మళ్ళీ మాకు కావాలంటే రాదు. దానికంటే ఇల్లు అందరిదిగానే ఉంచి, నడిపేది ఒకరికి పదేళ్ళ లీజుకియ్యండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే, నోటిమాట పనికిరాదు. బాడుగలో మూడోవంతు ముందే రిపేర్ల ఖాతాకి పోవాల, పంచుకునేది ఆ తర్వాతే. తొమ్మిదిలో ఆరుగురు ఒప్పుకుంటే చాలని కాగితంలో రాసుకోండి, అందరూ ఒప్పుకోవాలంటే మీ ఇంట్లో బల్బు కూడా మారదు 😀

అవునూ, బురుజు కనపడతాది అన్నావే. ఎన్ని మీటర్లు?

బురుజు నీడ
దగ్గరే అన్నా, కొలవలేదు. ఎందుకు?

గుత్తి బండ
ఓరి నాయనా, అసలు సంగతి అది కదా. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కుదరదు, 2010 సవరణతో గట్టిగా పెట్టినారు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు పర్మిషన్ తీసుకుని కట్టాల. పాతిల్లు రిపేరుకి మాత్రం 100 లోపల కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, 1992 జూన్ 16 కంటే ముందుదై ఉండాల, మీది ఎట్లాగూ ముందుదే. కొలిచేది బురుజు గోడ కాణ్ణుంచి కాదు, రక్షిత హద్దు కాణ్ణుంచి. మీ అన్న తెచ్చిన బిల్డర్‌కి ఇది తెలీకుండా ఉంటాదా, లేకపోతే తెలిసే తక్కువకి అడుగుతా ఉన్నాడా?

చింతచెట్టు కింద
😂 ముందు టేపు తీసుకుని పో.

బురుజు నీడ
ఆదివారం సర్వేయర్ని తీసుకుపోయినా. రక్షిత హద్దు కాణ్ణుంచి 84 మీటర్లు. గ్రూపులో పెట్టినా, ఈసారి దండం బొమ్మలు రాలేదు. చెల్లెలు రెండు లక్షలు దూలానికి తానేస్తానంది, కాకపోతే లీజు తన పేరు మీద కావాలంట. పెద్దన్న ఫోన్ ఎత్తట్లా. సున్నం మేస్త్రి నంబరు నాకు మెసేజ్ పెట్టు బ్రో.