పచ్చి బియ్యం తింటే రక్తం తగ్గుతుందా, రక్తం తగ్గితే బియ్యం తినాలనిపిస్తుందా?

తణుకు ఆడపడుచు:
నా వయసు 36. ఏడాదిన్నరగా రెండో అంతస్తు మెట్లెక్కేసరికి ఆయాసం వస్తోంది, దువ్వెన నిండా జుట్టు ఊడుతోంది, మధ్యాహ్నం మూడయితే కళ్లు మూతలు పడుతున్నాయి. థైరాయిడ్ పరీక్ష రెండుసార్లు, ఇ.సి.జి. ఒకసారి చేయించి, అంతా బాగుంది కాబట్టి దిగులు తగ్గించుకోమని చెప్పి పంపించారు. పోయిన నెల మరొక డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి, తినకూడనివి ఏమైనా తినాలనిపిస్తోందా అని అడిగారు. పదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాను. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు విడిగా తీసిపెట్టుకొని, వంట పూర్తయ్యేదాకా నములుతూనే ఉంటాను. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.9, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 5 వచ్చాయి, రెండూ బాగా తక్కువేనట. బియ్యం తిని తినే ఒంట్లో రక్తం లేకుండా చేసుకున్నానని మా అత్తగారు అంటున్నారు. డాక్టరమ్మ మాత్రం బియ్యం మాట వదిలి, భోజనం కాగానే నేను తాగే కాఫీ గురించే గుచ్చి గుచ్చి అడిగారు. ఇందులో ఏది కారణమో తెలిసినవారు చెప్పగలరు.

పాత బడి పంతులు:
మీ అత్తగారి మాటే నిజం. ముప్ఫై ఏళ్లు బడిలో సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి. బలపాలు, గోడ సున్నం, బియ్యం తినే ఆడపిల్లలను ఎందరినో చూశాను. వారిలో ఒక్కరి ముఖంలోనైనా రక్తపు చాయ ఉండేది కాదు. బియ్యంలో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది, అది ఇనుమును పట్టేసుకొని పేగుకు అందనివ్వదు. పైగా గుప్పెడు బియ్యంతో కడుపు నిండినవారు అన్నం, కూర సరిగా తినరు. బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని మన పెద్దలు పిల్లలను ఊరికే బెదిరించలేదు. కాఫీని నిందించడం ఈ మధ్య వచ్చిన వేలంవెర్రి.

సూక్ష్మదర్శిని:
వరంగల్‌లో 22 ఏళ్లుగా రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. పంతులు గారూ, పాలిపోయిన ముఖాన్నీ బలపాన్నీ మీరు ఒకేసారి చూశారు, వాటిలో ఏది ముందు వచ్చిందో మీరు చూడలేదు. ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటినప్పుడు బియ్యం, మట్టి, సుద్ద, మంచు ముక్కలు తినాలన్న తపన పుడుతుంది. వైద్యులు దీన్ని పైకా అంటారు. ఇనుము మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో, హిమోగ్లోబిన్ ఇంకా పూర్తిగా పెరగకముందే, చాలామందిలో ఆ తపన తగ్గిపోతుంది. బియ్యమే మూలమైతే మాత్ర వేసుకోగానే బియ్యం మీది తపన ఎందుకు తగ్గిపోతుంది?

కాఫీ విషయం వేలంవెర్రి కాదు. టీ, కాఫీలలోని పాలీఫినాల్స్ మన పప్పులోనూ ఆకుకూరలోనూ ఉండే ఇనుముతో ముడిపడి దాన్ని ఒంటికి పట్టనివ్వవు. మాంసంలోని ఇనుము మీద వాటి ప్రభావం అంతగా ఉండదు కాబట్టి, రోజూ పప్పన్నం తిని చేయి కడుక్కోగానే కాఫీ తాగేవారికే నష్టం ఎక్కువ. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీలు వద్దని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనే ఉంది.

మిరపకాయ బజ్జీ:
నేను వేసవిలో ఫ్రిజ్జులోని ఐసు ముక్కలు నములుతూ ఉంటాను. అదీ ఇదేనా?

సూక్ష్మదర్శిని:
వేసవిలో ఒకటీ రెండూ అయితే కాదు. చలికాలంలో కూడా ట్రే ఖాళీ చేస్తుంటే పరీక్ష చేయించుకోండి.

పాత బడి పంతులు:
నా ప్రశ్నకు సమాధానం రాలేదు. బియ్యంలో ఫైటిక్ ఆమ్లం ఉందా, లేదా? ఉంటే అది ఇనుమును పట్టుకుంటుందా, లేదా? ఇక కాఫీ అంటారా, మా అమ్మ రోజుకు ఆరు కాఫీలు తాగి 88 ఏళ్లు బతికింది.

సూక్ష్మదర్శిని:
ఉంది, పట్టుకుంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం తవుడులో ఉంటుంది. మరపట్టి తెల్లగా చేసిన సన్నబియ్యంలో మిగిలేది కొంచెమే, ఆ కొంచెం మనం తినే అన్నంలోనూ ఉంటుంది. అన్నం మానేయమని మీరు ఎవరికీ చెప్పడం లేదు కదా.

మీ అమ్మగారి 88 ఏళ్లలో నెలసరి ఆగిపోయిన తరువాతి కాలం కనీసం ముప్ఫై ఏళ్లు ఉండి ఉంటుంది. మామూలుగా మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్లు పోతే దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే, తిండిలో నుంచి మన పేగు పీల్చుకునేది మాత్రం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఆ ఒకటి రెండింటిలోనూ కాఫీ వాటా తీసుకుంటే లోటు ఎలా పూడుతుంది? తణుకు సోదరిని నేను మొదటే అడగవలసింది, నెలసరి ఎలా ఉంటోంది?

పెరుగన్నం:
మరి భోజనం చివర మజ్జిగ కూడా మానాలా? అలాగైతే బతకడం దేనికి?

సూక్ష్మదర్శిని:
మజ్జిగ మానకండి. పాలు, పెరుగులోని కాల్షియం ఇనుముకు కొంత అడ్డు తగిలినా, అది టీ అంత కాదు. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, నిమ్మరసంలోని సి విటమిన్ ఇనుమును లోపలికి చేరుస్తుంది.

పాత బడి పంతులు:
కొంచెం అంటే ఎంతో లెక్క చెప్పరు. ఆ సంగతి అలా ఉంచుదాం, నాకు అర్థం కానిది ఒకటుంది. పెళ్లై పిల్లల తల్లి అయిన మనిషి కొంగులో బియ్యం దాచుకొని, స్నానాల గదిలో తలుపేసుకొని నమలడాన్ని రోగం అంటే ఎలా? అది వ్యసనం. చెప్పాను, బతిమాలాను, చివరికి బియ్యం డ్రమ్ముకు తాళం వేయవలసి వచ్చింది. తాళం చెవి నా జంధ్యానికి కట్టుకున్నాను. ఇంతకంటే ఏ మొగుడు ఏం చేయగలడు?

సూక్ష్మదర్శిని:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. ఇంతసేపూ ఫైటిక్ ఆమ్లం అంటూ మీరు మాట్లాడింది మీ ఇంటి తాళం గురించి.

మా అమ్మ కూడా తినేది. మా నాయనమ్మ ఆమెను వచ్చినవాళ్లందరి ముందూ బియ్యం దొంగ అని పిలిచేది. మా అమ్మ రెండు బిందెల నీళ్లు మోసి గడప మీద కూలబడితే, తిన్న బియ్యం ఒంటికి పట్టలేదా అని నవ్వేది. నలుగురు పిల్లల్ని కని, అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన పులుసుతో తినే మనిషికి రక్తం ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కరూ ఆలోచించలేదు. నేను ల్యాబులో చేరిన తరువాత మొట్టమొదట ఆమె రక్తమే తీసి చూశాను. హిమోగ్లోబిన్ 6.4 ఉంది. అప్పటికి ఆమెకు 51 ఏళ్లు. దీన్ని అలవాటు అని పిలిస్తే తప్పు తిన్నవాళ్లది అవుతుంది, జబ్బు అని పిలిస్తే పరీక్ష చేయించవలసిన పని ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. మీకు మొదటి పేరు ఎందుకు నచ్చుతోందో నాకు తెలుసు.

పాత బడి పంతులు:
మా ఇంటి సంగతి మీకు తెలియదు. నేను మా ఆవిడను ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తీసుకువెళ్లాను. బలం మందు సీసాలు రాసిచ్చారే తప్ప బియ్యం తింటారా అని ఒక్కరూ అడగలేదు, ఆవిడా సిగ్గుతో చెప్పలేదు. చెప్పని రోగానికి నేను బాధ్యుణ్ణా?

కాకినాడ కాజా:
చెవి జంధ్యానికి కట్టుకున్న ఇంట్లో ఎవరు నోరు విప్పి చెబుతారండీ?

తణుకు ఆడపడుచు:
దయచేసి గొడవపడకండి. అడిగారు కాబట్టి చెబుతున్నాను, నాకు నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. స్కానింగులో గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డ కనిపించింది. ఇనుము మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలైంది. మలం నల్లగా వస్తే భయపడ్డాను కానీ, అది మామూలేనట. కాఫీని నాలుగు గంటలకు జరిపాను. నిన్న బియ్యం కడుగుతుండగా గుప్పెడు తీయాలన్న ధ్యాసే రాలేదని పొయ్యి మీద పెట్టాక గుర్తుకు వచ్చింది. మా అత్తగారు మాత్రం బియ్యం మానడం వల్లే నయమవుతోందని అందరికీ చెబుతున్నారు.

పాత బడి పంతులు:
గడ్డ ఉందంటే కాఫీ కూడా కారణం కాదని తేలినట్టే కదా.

సూక్ష్మదర్శిని:
కుండకు చిల్లు పడింది, పోసే నీళ్లూ తగ్గాయి. చిల్లు కనబడింది కాబట్టి ధార సన్నబడలేదంటే ఎలా కుదురుతుంది? కాఫీ ఒక్కటే 7.9కి తెచ్చిందని నేను ఎక్కడా అనలేదు. పంతులు గారూ, మీ ఇంట్లో ఆమెకు ఫెరిటిన్ చూశారా?

పాత బడి పంతులు:
ఫైటిక్ ఆమ్లం మీద నా అభిప్రాయం మారలేదు. నిరుటి కాగితాల్లో హిమోగ్లోబిన్ 9.1 అని ఉంది, ఫెరిటిన్ అన్న పేరు ఎక్కడా లేదు. దానికి పరగడుపున వెళ్లాలా?

సూక్ష్మదర్శిని:
సాధారణంగా అక్కరలేదు, ముందుగా ల్యాబులో ఒకసారి అడగండి. ఇనుము మాత్రలు వాడుతూ ఉంటే ఆ మాట చెప్పండి. జ్వరం గానీ వాపు గానీ ఉన్నప్పుడు మాత్రం తీసుకువెళ్లకండి, అప్పుడు ఫెరిటిన్ లేని ఎత్తు చూపించి అసలు లోటును దాచేస్తుంది. లోపలికి ఆమెను ఒంటరిగా పంపండి, అడిగినవాటికి ఆమే జవాబు చెబుతుంది.